పొయ్యి దగ్గర నుంచి లే, బుజ్జీ

భద్రాచలం,
సంక్రాంతి వెళ్ళిన వారం.

చి. బుజ్జికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు అయిదో నెల పడిందని, వాంతులు తగ్గాయని, అన్నం సయిస్తోందని చెప్పింది. నా మనసు కుదుటపడింది. ఆ వెంటనే ఇంకో మాట అంది. తెల్లవారుజామునే లేచి కట్టెల పొయ్యి మీద ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాగబెడుతున్నావట. పనిలో పనిగా అన్నం కూడా దానిమీదే వండేస్తున్నావట. అడిగితే "గ్యాస్ మిగులుతుంది కదమ్మా" అన్నావట. ఏం మిగులుతుందే తల్లీ? ఫోన్‌లో చెబితే "సరేలే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద ఉంటే రెండోసారి చదువుతావు, అల్లుడి చేతా చదివిస్తావు. నా కోపం నీ మీద కాదమ్మా, ఆ పొగ మీద.

ఇక్కడ అందరం బాగున్నాం. ముక్కోటికి వచ్చిన జనం వెళ్ళిపోయాక ఊరు కాస్త ఊపిరి తీసుకుంటోంది. మీ పెదనాన్నకు దగ్గు ఇంకా పూర్తిగా పోలేదు. పొద్దున ఎనిమిది దాటితే గానీ గోదావరి అవతలి ఒడ్డు కనపడటం లేదు. అదంతా మంచు అనే అనుకుంటాం గానీ అందులో పొగ కూడా కలిసే ఉంటుంది. చలికాలం రాత్రుళ్ళు నేల దగ్గర గాలి చల్లబడి కిందనే ఆగిపోతుంది. పైన వెచ్చటి గాలి కుండ మీద మూకుడులా కప్పేస్తుంది. పొయ్యిల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, లారీల పొగ ఎటూ పోలేక మన ముక్కుల ఎత్తులోనే తిరుగుతుంది. నువ్వు పొయ్యి ముందు కూర్చునేది సరిగ్గా ఆ వేళప్పుడే.

ఇది గడిచిందా, తర్వాత అడవి కాలే కాలం. ఇప్పపువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకులు ఊడ్చి నిప్పు పెడతారు. తునికాకు చిగురు బాగా రావాలని ఇంకోచోట పెడతారు. పోడు చేలల్లో, పత్తికట్టె పీకేసిన చేలల్లో మంటలు సరేసరి. నీ ఏడు, ఎనిమిది నెలలు ఆ మంటల్లోనూ, ఆపైన కొత్తగూడెం ఎండల్లోనూ పడతాయి. అందుకే ఇంత ముందుగా చెబుతున్నాను.

నేను దుమ్ముగూడెం, చర్ల వైపు ఏఎన్ఎమ్‌గా తిరిగిన రోజులు నీకు కథలుగా చెప్పేదాన్ని గుర్తుందా? మంచానికి తాళ్ళు కట్టి, కర్రకు వేలాడేసి, అలా కట్టిన జెట్టీ మీద నిండు గర్భిణిని వాగులు దాటించి మోసుకొచ్చేవాళ్ళు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్ని అప్పుడు చాలామందిని చేతుల్లోకి తీసుకున్నాను. చర్మం పలచగా ఉండి కింద నరాలు కనపడేవి. పాలు పీల్చే శక్తి ఉండదు, ఏడ్చినా గొంతు రాదు. చుట్టూ చేరినవాళ్ళు కారణాలు చెప్పేవాళ్ళు. బరువెత్తిందని, బొప్పాయి తిన్నదని, గ్రహణం చూసిందని. ప్రతి కారణమూ ఆ పిల్ల చేసిన తప్పుగానే ఉండేది. ఇంట్లో మాత్రం కిటికీ లేని గదిలో మూడు రాళ్ళ పొయ్యి, వెళ్ళే దారి లేక గడ్డి కప్పు కింద నల్లగా పేరుకున్న మసి. మా రిజిస్టర్‌లో తల్లి బరువు, రక్తం శాతం, బీపీ, జ్వరం వచ్చిందా లేదా అన్నీ రాసేవాళ్ళం. పొయ్యికి గడి లేదు.

ఇప్పుడు ఆ లెక్క దొరుకుతోంది. 37 వారాలు నిండకముందే జరిగే కాన్పును నెలలు నిండని కాన్పు అంటారు. 2020లో ప్రపంచమంతా కలిపి అలాంటి బిడ్డలు కోటీ 34 లక్షల మంది పుట్టారు. అందులో దాదాపు 30 లక్షల మంది మన దేశంలోనే. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత వివరాలను, ఉపగ్రహాల ద్వారా తేల్చిన గాలి లెక్కలతో కలిపి చూసిన అధ్యయనం 2025లో వచ్చింది. అందులో వంద కాన్పుల్లో 13 కాన్పులు నెలలు నిండకుండా అయ్యాయి, 17 మంది బిడ్డలు తక్కువ బరువుతో పుట్టారు. కడుపుతో ఉన్నప్పుడు సన్నధూళి ఎక్కువ పీల్చిన తల్లుల్లో నెలలు నిండని కాన్పుకు ఆస్కారం 70 శాతం ఎక్కువ కనపడింది. భయపడకు. వందలో 70 మందికి అలా జరుగుతుందని కాదు దాని అర్థం, అందరికీ ఉండే కొంచెం ప్రమాదం మరింత పెరుగుతుందని. ఉత్తరాదిన గంగ ఒడ్డు రాష్ట్రాల్లో పరిస్థితి మరీ ఘోరం, మన దక్షిణాన కొంత నయం. ఆ నయాన్ని నువ్వు పొయ్యి ముందు కూర్చుని పోగొట్టుకోవద్దంటున్నాను.

పొగ ఊపిరితిత్తుల్లోకే కదా పోయేది, బిడ్డకేమవుతుందని నీకు అనుమానం రావచ్చు. ఆ సన్నధూళి వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. దాన్నే పీఎం 2.5 అంటారు. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి, అందులో మరీ సన్నటిది రక్తంలోకి దిగుతుంది. 2019లో బెల్జియంలోని హాసెల్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు కాన్పు తర్వాత 28 మంది తల్లుల మాయల్ని పరీక్షించారు. ప్రతి ఒక్కదానిలోనూ, అదీ బిడ్డ వైపు ఉన్న భాగంలో, మసి కణాలు దొరికాయి. మాయ అంటే బిడ్డకు కావలసిందంతా వడపోసి ఇస్తుందని మేం చదువుకున్నాం. మసిని మాత్రం అది పూర్తిగా ఆపలేకపోతోంది.

ఒంట్లోకి ధూళి చేరితే ఒళ్ళు దాన్ని శత్రువనుకుని పోరాడుతుంది, లోపల వాపు మొదలవుతుంది. కాన్పు సమయంలో గర్భసంచి ముఖద్వారాన్ని మెత్తబరిచి నొప్పులు తెప్పించే పదార్థాలు ఆ వాపుతో ముందే తయారవుతాయి. మాయకు వెళ్ళే రక్తనాళాలు సన్నబడతాయి, బీపీ పెరుగుతుంది. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అని భయపడే జబ్బుకు దారి ఈ బీపీయే. ఇంకొకటి, కట్టెల పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట అది ఇరవై కాదు, రెండు వందల రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. నీకు రక్తం పది కూడా లేదని మీ అమ్మ చెప్పింది. ఉన్న కాస్త రక్తం కూడా ప్రాణవాయువు మోయలేకపోతే బిడ్డకు ఏం పంపుతావు?

ఇంకో సంగతి దాచకుండా చెబుతాను. తమిళనాడులోనూ, గ్వాటెమాలా, పెరూ, రువాండా దేశాల్లోనూ కలిపి 3,200 మంది గర్భిణులతో ఒక పెద్ద పరీక్ష చేశారు. సగం మందికి గ్యాస్ పొయ్యి, సిలిండర్లు ఉచితంగా ఇచ్చారు. వాళ్ళు పీల్చే సన్నధూళి ఘనమీటరు గాలికి 70 మైక్రోగ్రాముల నుంచి 24కు పడిపోయింది. అయినా బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2022లో తేలింది. అది చదివి నేను చాలాసేపు ఆలోచించాను. ఆ తల్లులకు గ్యాస్ అందేసరికే మూడు, నాలుగు నెలలు దాటాయి. గ్యాస్ వచ్చాక కూడా వాళ్ళు పీల్చిన గాలి ప్రపంచ ఆరోగ్య సంస్థ మంచిదనే 5 మైక్రోగ్రాములకు చాలా దూరం. మన దేశపు పరిమితి 40 అనుకో. కాబట్టి నాకు అర్థమైనది ఇది. ఒక్క పొయ్యి మారిస్తే చాలు, అంతా బాగైపోతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అలాగని మానేయడానికి వీల్లేదు. పొగ ఎన్ని వైపుల నుంచి వస్తోందో అన్ని వైపులా తగ్గించుకోవాలి, పెళ్ళయిన నాటి నుంచే తగ్గించుకోవాలి. నీకు పెళ్ళిలోనే ఈ మాట చెప్పి ఉండాల్సింది. ఇప్పుడైనా విను.

1999లో దీపం పథకం కింద మహిళా సంఘాలకు గ్యాస్ ఇచ్చినప్పటి నుంచి చూస్తున్నాను. 2016లో ఉజ్వల వచ్చింది, 2024లో మన రాష్ట్రంలో మహాలక్ష్మి కింద 500 రూపాయల సిలిండర్ వచ్చింది. గ్యాస్ బండ లేని ఇళ్ళు తగ్గాయి. బండను మూలన పెట్టి టీకీ, చుట్టాలు వచ్చినప్పుడూ తప్ప వెలిగించని ఇళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. మీ ఇల్లూ అందులో ఒకటి. మీ అత్తగారిని నేను తప్పుపట్టను. ఆవిడ అదే పొగలో ముగ్గురిని కని పెంచింది, ఆవిడకు అది పొగలాగే కనపడదు. ఎదురు మాట్లాడకు. "డాక్టరమ్మ వద్దందండీ" అను. పేరు నాది చెప్పినా పరవాలేదు, ఆవిడకు నా మీద గౌరవం ఉంది. నీకు ఒక గిన్నెడు నీళ్ళు గ్యాస్ మీద పెట్టుకో. మిగతావాళ్ళు ఎండెక్కాక పోసుకుంటారు. కట్టెల పొయ్యి తప్పదంటే అది అల్లుడు వెలిగిస్తాడు, నువ్వు లోపలి గదిలో తలుపు వేసుకుని ఉండు. ప్లాస్టిక్ కవర్లు వేసి అంటించే అలవాటు మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ వద్దని గట్టిగా చెప్పు.

అల్లుడు మణుగూరు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని నుంచి వచ్చి ఆ బట్టలతోనే మంచం మీద కూర్చుంటాడని విన్నాను. బయటే కాళ్ళూచేతులూ కడుక్కుని, బట్టలు విడిచి లోపలికి రమ్మను. ఆ బట్టలు నువ్వు దులపొద్దు, నీళ్ళలో నానబెట్టాలి. ఇల్లు చీపురుతో ఊడిస్తే బొగ్గు నలుసు, బూడిద గాల్లోకి లేస్తాయి. తడిగుడ్డతో తుడవడమే మంచిది, అదీ కిందకు వంగకుండా కర్రతో. మామగారి చుట్ట వీధి అరుగు మీదనే. దోమల చక్రం వెలిగించి తలుపులేసుకుని పడుకుంటున్నావా? అది రాత్రంతా గదిలో పొగబెట్టడమే. దోమతెర కట్టుకో. మన అడవి పక్కన మలేరియా మామూలు జ్వరం కాదు, అదీ నెలలు నిండకుండా కాన్పు తెచ్చేదే. ఒక్క తెరతో రెండూ తప్పుతాయి. నడవమన్నారని పొద్దున్నే లారీలు తిరిగే రోడ్డెక్కకు. ఎండ కాస్త వచ్చాక కాలనీ లోపలి వీధుల్లో నడు. చున్నీ ముక్కుకు చుట్టుకుంటే సన్నధూళి ఆగదు. బయట పొగ బాగా ఉన్న రోజు తప్పక వెళ్ళాల్సొస్తే ఎన్-95 మాస్కు పెట్టుకో.

ఆ లారీల సంగతి చెబితే గుర్తొచ్చింది. అమెరికాలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో టోల్‌గేట్ల దగ్గర బండ్లు ఆగకుండా మన ఫాస్టాగ్ లాంటిది పెట్టారు. బండ్లు ఆగి ఆగి పొగ వదలడం తగ్గింది. గేటుకు రెండు కిలోమీటర్ల లోపు ఉన్న తల్లుల్లో నెలలు నిండని కాన్పులు దాదాపు 11 శాతం తగ్గాయని 2011లో రాశారు. ఆ తల్లులు ఏ మందూ మింగలేదు, ఏ జాగ్రత్తా కొత్తగా తీసుకోలేదు. వాళ్ళ గాలి మాత్రం మారింది. కాలిఫోర్నియాలోనూ అంతే. 2001 నుంచి 2011 లోపు బొగ్గుతో, చమురుతో నడిచే ఎనిమిది విద్యుత్ కేంద్రాలు మూతపడ్డాయి. వాటికి అయిదు కిలోమీటర్ల లోపు నూటికి ఏడుగా ఉన్న నెలలు నిండని కాన్పులు అయిదుకు చేరాయి.

ఇది చదివినప్పుడు నాకు పాల్వంచే కళ్ళముందు కనపడింది. 1966లో మొదలైన పాత కేటీపీఎస్ థర్మల్ కేంద్రం మూతపడి, దాని ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చినప్పుడు ఊరంతా డాబాల మీదికెక్కి చూశారని నువ్వే చెప్పావు. పక్కనే కొత్త యూనిట్లు నడుస్తున్నాయి, ఏడో దశది ఒక్కటే 800 మెగావాట్లు. ఇటు మణుగూరు దగ్గర భద్రాద్రి కేంద్రం 1,080 మెగావాట్లు. పాతవి ఆగాక ఆ చుట్టుపక్కల కాన్పులు ఎన్ని వారాలకు అయ్యాయో ఎవరైనా లెక్క తీస్తే చదవాలని నాకెంతో కోరిక. ఆస్పత్రి రిజిస్టర్లలో వారాలు రాసే ఉంటాయి, కూర్చుని తీసేవాళ్ళు కావాలి.

బొగ్గు మీద నాకు ద్వేషం లేదు. ఇల్లందులో 1889లో తవ్వకం మొదలైన దగ్గర నుంచి ఈ జిల్లా అన్నం తింటున్నది దానివల్లే, నీ ఇంటి జీతం కూడా అదే. కానీ పొగ శుభ్రం చేసి వదలమని అడగడం అన్నానికి అడ్డుపడటం కాదు. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం థర్మల్ కేంద్రాల పొగకు కొత్త నిబంధనలు పెట్టి, రెండేళ్ళు గడువిచ్చింది. గడువు జరుగుతూ జరుగుతూ వచ్చింది. చివరికి 2025 జులైలో, గంధకపు పొగను కడిగే యంత్రాలు పెట్టనక్కర్లేదని ఎక్కువ కేంద్రాలకు మినహాయింపు ఇచ్చేశారు. పది లక్షలు దాటిన నగరాలకు పది కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మాత్రం తప్పదన్నారు. ఆ గంధకపు పొగే గాల్లో సన్నధూళిగా మారుతుంది. పాల్వంచలో పది లక్షల మంది లేరు. ఉన్న కొద్దిమంది తల్లుల కడుపులో బిడ్డలు మాత్రం నగరపు బిడ్డలకు ఏం తీసిపోయారు? ఇది నాకు మింగుడు పడదు. నువ్వు పొయ్యి మార్చుకుంటావు, దోమతెర కట్టుకుంటావు, సరే. పొగగొట్టం నీ చేతిలో లేదు. దాని బాధ్యత నీ నెత్తిన వేసుకోకు, ఎవరినీ వేయనివ్వకు.

రేపు ఏదైనా ముందూ వెనకా అయితే, అవకూడదు, అయితే మాత్రం నీవల్లే అయిందని ఎవరన్నా నమ్మొద్దు. నెలలు నిండని కాన్పుకు చాలా కారణాలు ఉంటాయి. కవలలు, బీపీ, షుగరు, మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తహీనత, ఎండదెబ్బ. గాలి వాటికి తోడవుతుంది. అందులో మనం సరిచేసుకోగలిగింది సరిచేసుకుందాం. ఐరన్ మాత్ర టీతో మింగకు, టీ తాగితే అది ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్ళతో మింగు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం పెడతారు కదా, పాలూ గుడ్డూ కూడా. సిగ్గుపడకుండా వెళ్ళి కూర్చుని తిను. "మాకేం తక్కువ" అనుకోవద్దు, అది నీ హక్కు.

ఇప్పుడు చెప్పేది అన్నిటికన్నా ముఖ్యం. అల్లుడిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు. నెలలు నిండకముందు ఎప్పుడైనా పొట్ట ఉండి ఉండి గట్టిపడి వదులుతూ ఉంటే, నడుములో నొప్పి వచ్చి పోతూ ఉంటే, కింద నీరు కారినట్టున్నా, చుక్క రక్తం కనపడినా, తెల్లారేదాకా ఆగొద్దు. తల పగిలిపోయే నొప్పి, కళ్ళు మసకలు, మొహం వాపు, బిడ్డ కదలిక తగ్గడం, వీటికి కూడా అంతే. వెంటనే 108కి ఫోన్ చేయాలి. వేడినీళ్ళు పోసుకుని పడుకో, తగ్గుతుందిలే అని ఎవరైనా అంటే వినొద్దు. ముందుగా వెళ్తే చాలాసార్లు నొప్పుల్ని కొద్ది రోజులు వాయిదా వేయగలరు. 34 వారాల లోపైతే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి పనిచేయడానికి కొంత సమయం కావాలి, అందుకే గంటలు లెక్క. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనే మాట మీ నాయనమ్మ దగ్గర నేనూ విన్నాను. అది నిజం కాదు. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు మేలే, ఏడు కన్నా ఎనిమిది నయం, ఎనిమిది కన్నా తొమ్మిది నయం.

కాన్పు ఎక్కడన్నది ఇప్పుడే అనుకోండి. చిన్న నర్సింగ్ హోమ్ దగ్గరని చూడకు. నెలలు నిండని బిడ్డకు చికిత్స చేసే నవజాత శిశువుల యూనిట్ ఉన్న చోటే చూసుకోవాలి. మా భద్రాచలం ఏరియా ఆస్పత్రికి ఛత్తీస్‌గఢ్ నుంచి, ఒడిశా నుంచి, చింతూరు, కూనవరం నుంచి కూడా తల్లులు వస్తారు. అక్కడి సిస్టర్లకు చిన్న బిడ్డల్ని చూడటం రోజూ పనే. ఖమ్మం పెద్దాస్పత్రి మీ అమ్మకు దగ్గర. రెండింట్లో నీకు ఎక్కడ ధైర్యమో అక్కడే. బిడ్డ చిన్నగా పుట్టినా తల్లి రొమ్ముకు ఆనించి ఒంటి వెచ్చదనం ఇచ్చే పద్ధతి ఉంది, కంగారూ సంరక్షణ అంటారు. నాన్న కూడా చేయొచ్చు. బాలింతరాలి గదిలో నిప్పుల కుంపటి, సాంబ్రాణి పొగ మాత్రం ఈసారి మన ఇంట్లో ఉండవు. మీ అమ్మతో ఆ సంగతి నేను మాట్లాడతాను, నువ్వు కలగజేసుకోకు.

ఎక్కువ చెప్పానేమో. భయపెట్టానా? నీ ఒంట్లో బిడ్డ బాగానే పెరుగుతోందని మొన్నటి స్కాన్‌లో అన్నారు కదా, దాన్నే తలుచుకుని హాయిగా నిద్రపో. మధ్యాహ్నం ఒక గంట ఎడమవైపు తిరిగి పడుకో, ఎవరేమన్నా సరే.

వచ్చే చెకప్ ఏ రోజో రాయి, లేదా ఫోన్ చెయ్యి. ఆ రోజు పొద్దున బస్సుకు నేనూ వస్తాను. రక్తం పరీక్ష కాగితం, స్కాన్ కాగితం తీసి పెట్టు. డాక్టరమ్మతో నేను మాట్లాడాల్సినవి రెండు మూడున్నాయి. అల్లుడికి ఆ రోజు మొదటి షిఫ్టు పడితే మార్చుకోమను.

ప్రేమతో,
పెద్దమ్మ